పట్టాలు నేలకు దిగినచోట దేవుడి చోటు

హైదరాబాద్ మెట్రో మొదటి దశ దాదాపు 69 కిలోమీటర్లు. ప్రయాణికులు తిరిగే దారంతా స్తంభాల మీదే. పట్టాలు నేలకు దిగేది మియాపూర్, ఉప్పల్ డిపోల్లో మాత్రమే. మియాపూర్ పొరుగున ఉన్న హఫీజ్‌పేట్‌లో మాత్రం రైలు మొదటినుంచీ నేల మీదే నడుస్తోంది. 1874లో తెరిచిన వాడి–సికింద్రాబాద్ లైను అది. 2003 ఆగస్టు నుంచి ఎంఎంటీఎస్ రైళ్లూ దాని మీదే తిరుగుతున్నాయి.

స్తంభాల మీది రైలుకు రోడ్డు మధ్యలో కాస్త చోటుంటే సరిపోతుంది. గుడో దర్గానో ఎదురైతే స్తంభాన్ని కొంచెం జరిపి తప్పుకోవచ్చు. నేల మీది రైలుకు పట్టాల పొడవునా నేల కావాలి. పైన 25 వేల వోల్టుల తీగ ఉంటుంది కనుక ఆ నేల మీదికి జనం రాకూడదు కూడా. దారిలో దేవుడుంటే ఏం చేయాలి? దేవుణ్ణి కదిలించవచ్చా?

ఆగమాలు కొంతవరకు ఒప్పుకుంటాయి. జీర్ణోద్ధరణ వేళ కళాకర్షణ చేసి, మూర్తిలోని శక్తిని కలశజలంలోకి ఆవాహన చేస్తారు. తాత్కాలిక గుడి అయిన బాలాలయంలో నిత్యపూజలు సాగుతాయి. పని ముగిశాక సంప్రోక్షణ జరుగుతుంది. స్వయంభువు విషయంలో ఇంత వెసులుబాటు లేదు. యాదాద్రిలో 2016 నుంచి 2022 దాకా దర్శనాలు బాలాలయంలో జరిగాయి కానీ, గుహలోని స్వామి ఉన్నచోటే ఉండగా చుట్టూ కొత్త గుడి లేచింది.

వక్ఫ్ భావన నేలనే పట్టుకుంటుంది. ఆస్తి దేవుడిదైపోయాక దాన్ని అమ్మే హక్కు మనిషికి ఉండదు. ఒకసారి వక్ఫ్ అయినది ఎప్పటికీ వక్ఫేనన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1998లో ఆంధ్రప్రదేశ్ వక్ఫ్ బోర్డు కేసులోనే చెప్పింది.

అందరికన్నా ఎక్కువ అన్యాయం జరిగేది గ్రామదేవతలకు. వాళ్లకు ఆగమమూ లేదు, దస్తావేజూ లేదు. కట్టమైసమ్మ అంటే చాలాచోట్ల వేపచెట్టు మొదట్లో పసుపు పూసిన రాయి, దాని మీద కుంకుమబొట్లు, ముందొక దీపం. ఆ రాయిని ఎత్తి ఇంకోచోట పెట్టడం ఎంతసేపు? కానీ ఆమె చెరువుకట్టను కాసే తల్లి. కట్ట లేనిచోట ఆమె దేన్ని కాయాలి? ఆమెను కదపాలంటే ముందు ఊరిని అడగాలి, ఆ కట్టకు బోనమెత్తే ఆడవాళ్లను అడగాలి.

శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు తెలుగునేల ఈ ప్రశ్నను పెద్దయెత్తున ఎదుర్కొంది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. శిల్పం దక్కింది గానీ, ఆ స్వామికి పేరిచ్చిన కృష్ణా తుంగభద్రల సంగమం ఆయన వెంట రాలేదు. ఇప్పటి నంద్యాల జిల్లాలోని సంగమేశ్వరంలో వేపదారు లింగం పాతచోటే ఉండిపోయింది. ఏటా నెలల తరబడి నీటి అడుగున ఉంటుంది. నీరు తగ్గగానే జనం వెళ్లి పూజ చేసుకుంటారు. దర్శనం లేకపోయినా భక్తి ఓర్చుకుంటుందనీ, చోటు పోవడమే దానికి పెద్ద నష్టమనీ సంగమేశ్వరం చూస్తే అనిపిస్తుంది.

అలాగని రోడ్డు మీద వెలిసిన ప్రతి కట్టడానికీ ఈ వాదన చెల్లదు. బహిరంగ స్థలాల్లో అనుమతి లేని కొత్త ప్రార్థనా కట్టడాలు రాకూడదని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరులో ఆదేశించింది. పాతవాటిని మాత్రం ఒక్కొక్కటిగా పరిశీలించి నిర్ణయించాలని రాష్ట్రాలకు చెప్పింది. పాతబస్తీ మెట్రో దారిలో వందకు పైగా మతపరమైన, చారిత్రక కట్టడాలు తేలినప్పుడు, మలుపులూ స్తంభాల చోట్లూ మార్చి వాటిని కాపాడతామని మెట్రో అధికారులు ప్రకటించారు.