పుట్టలో పాలు పోసే ముందు ఒక్క మాట

ఓం నమశ్శివాయ.

శ్రావణ శుద్ధ పంచమి, నాగుల పంచమి. మీలో చాలామంది పుట్ట దగ్గరికి వెళ్తారు. మా నల్గొండ వైపూ అంతే. చిన్నప్పుడు నానమ్మ వెంట చెలక దగ్గరి పుట్టకు వెళ్లేవాణ్ని. ఇప్పుడు హైదరాబాద్‌లో కోడ్ రాసుకుంటున్నా, ఆ రోజు మాత్రం ఊరికి పోతాను. కారణం మా చిన్నాయిన.

నేను ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉన్నప్పుడు, వానాకాలం రాత్రి బావి కాడ కింద పడుకున్న చిన్నాయినను కట్లపాము కరిచింది. నొప్పి లేదు, వాపు లేదు. "చీమ కుట్టినట్టుంది" అన్నడట. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోయినయ్, మాట ముద్దయింది. ఆ విషం చేసే పని అదే. మెదడు ఇచ్చిన ఆర్డర్ నరం దాకా వస్తుంది గానీ కండరానికి అందదు. చివరికి ఊపిరి ఆగుతుంది. మావాళ్లు ముందు మంత్రం వేయించారు. రెండు గంటలు పోయాయి. ఆ తర్వాతే ఆస్పత్రి, విరుగుడు ఇంజెక్షన్, వెంటిలేటర్. దేవుడి దయ, బతికాడు.

పాముకు మన మీద పగ లేదు. ఎలుకనో, ఇంకో చిన్న పామునో కదలకుండా చేసి మింగడానికి దానికి విషం కావాలి. మనం దాని తిండి కాదు. భయపడితేనే కాటు.

మరి ఆ విరుగుడు ఎక్కడిది? అది కూడా పాము ఇచ్చిందే. చెన్నై దగ్గర 1978లో ఏర్పడిన ఇరుల గిరిజనుల సహకార సంఘం పాములను పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదులుతుంది. ఆ విషాన్ని గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. గుర్రం తట్టుకుంటుంది, దాని రక్తంలో విరుగుడు పుడుతుంది. అదే మన మందు.

ఇది తెలిసిన రోజు నాకు హాలాహలం గుర్తొచ్చింది. శివయ్య దాన్ని మింగలేదు, ఉమ్మలేదు, గొంతులో నిలిపాడు. ఒకరు మోశారు కాబట్టే మిగతావాళ్లు బతికారు. మా చిన్నాయిన కోసం ఏదో గుర్రం ఆ విషం మోసింది.

మన దేశంలో 2000 నుంచి 2019 దాకా ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో పోయారని అంచనా. అందుకే పూజతో పాటు ఇదీ గుర్తుంచుకోండి. కాటు పడితే తాడు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కరిచిన చోటు కదలనీయకుండా వెంటనే పెద్దాస్పత్రికి తీసుకెళ్లండి. మంత్రం దారిలో చదువుకోవచ్చు.

చిన్నాయిన ఇంటికొచ్చినంక నానమ్మ అన్నది: "శివయ్య దవాఖానల గూడ ఉంటడు బిడ్డా. మనమే ఆలస్యంగ పోయినం."

హర హర మహాదేవ.