అర్చామూర్తిగా నది

నదిని దైవంగా కొలిచే సంప్రదాయాలన్నిటినీ ఒక ప్రశ్న వెంటాడుతూనే ఉంటుంది. తనలో మునిగినవారి పాపాలను కడిగివేసే శక్తి నదికి స్వతస్సిద్ధంగా ఉన్నప్పుడు, దానిని మనుషులు పూనుకొని శుభ్రం చేయవలసిన పని ఏముంది? అలా కాక ఊళ్ల మురుగు కలిసినంత మాత్రాన అది నిజంగానే మైలపడుతుందని ఒప్పుకుంటే, తనను తాను కాపాడుకోలేనిది ఇతరులను ఎలా తరింపజేస్తుంది? తర్కంలో ఇటువంటి ఇరకాటాన్ని ఉభయతఃపాశం అంటారు, అంటే రెండు కొసలా ఉచ్చు ఉన్న తాడు. ఏ పక్షం పట్టుకున్నా వాది చిక్కుకుంటాడు. పండితసభలో దీనిని వాదించి వదిలేయవచ్చు గాని, నదుల ఒడ్డున స్వచ్ఛందంగా పనిచేసే భక్తబృందాలకు ఆ వెసులుబాటు లేదు. పొద్దున మొక్కిన నీటిలోకే కాసేపటికి గుర్రపుడెక్క పీకడానికి దిగేవారు తాము చేస్తున్నది పూజా, పారిశుద్ధ్యమా అన్నది తమకు తాము చెప్పుకోక తప్పదు.

కాశీ ఘాట్ల మీద ఎక్కువగా వినిపించే సమాధానం శుద్ధిని రెండు అంతస్తులుగా విడదీస్తుంది. కంటికి కనిపించే మురికీ ముక్కుకు తగిలే కంపూ నీటికి సంబంధించినవి, పావనత్వం గంగకు సంబంధించినది, మొదటిది రెండోదానిని అంటదు. దశాశ్వమేధ ఘాట్‌లో పండాల మధ్య, అంటే యాత్రికులచేత తీర్థవిధులు జరిపించే పురోహితుల మధ్య, పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త కెల్లీ ఆలీ ఈ విభజననే విస్తారంగా నమోదు చేశారు. దీనిని మూఢత్వమని కొట్టిపారేయడం తొందరపాటు అవుతుంది, దీని వెనుక శాస్త్రాధారం లేకపోలేదు. ధర్మశాస్త్రాల్లోని ద్రవ్యశుద్ధి ప్రకరణం, అంటే ఏ వస్తువు దేనితో శుద్ధమవుతుందో నిర్ణయించే భాగం, నదికి దాని ప్రవాహవేగాన్నే శుద్ధిసాధనంగా చెబుతుంది. అయితే అదే మనుస్మృతి నీటిలో మలమూత్రాలు విడవడాన్నీ ఉమ్మడాన్నీ నిషేధించిందన్న సంగతి ఈ వాదం చేసేవారికి అంతగా గుర్తుకు రాదు. పైగా వేగమే శుద్ధి అన్న మాటలో వేగం ఉండాలన్న షరతు ఇమిడి ఉంది. 1854లో హరిద్వారం వద్ద గంగ కాలువ తెరుచుకున్న నాటినుంచి ఆ వేగంలో పెద్ద వాటా పొలాలకు మళ్లిందన్నది స్మృతికారులు ఊహించి ఉండని విషయం.

ఈ రెండంతస్తుల సమాధానాన్ని లోపలినుంచి కదిలించినవారు వీరభద్ర మిశ్ర. తులసీదాసు స్థాపించినట్లు చెప్పుకొనే సంకటమోచన హనుమదాలయానికి ఆయన మహంతు, అంటే పీఠాధిపతి. అదే సమయంలో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో హైడ్రాలిక్ ఇంజనీరింగ్ ఆచార్యుడు. 1982లో సంకటమోచన్ ఫౌండేషన్‌ను స్థాపించి, తులసీ ఘాట్‌లోనే ప్రయోగశాల పెట్టి, మునిగే నీటిలో మలసంబంధ కోలిఫాం బాక్టీరియా ఎంత ఉందో కొలిపించడం మొదలుపెట్టారు. స్నానానికి పనికివచ్చే నీటిలో 100 మిల్లీలీటర్లకు ఆ సంఖ్య 500 మించకపోవడం వాంఛనీయమనీ, 2500 దాటనే కూడదనీ భారత ప్రభుత్వ ప్రమాణం. కాశీలో నగర మురుగు కలిసే చోట్ల లెక్క ఆ హద్దుకు ఎన్నో రెట్లు పైన ఉండేది. ఆ అంకెలు తెలిసీ మిశ్ర 2013లో మరణించేవరకు గంగాస్నానాన్ని తన నిత్యవిధిగానే భావించారు. ఆయన మౌలికంగా చేసినది స్నానం, కొలత అనే రెండు పనులనూ ఒకే భక్తిలో భాగం చేయడం. గంగను మురికిది అనడం భక్తుడికి తల్లిని తిట్టినట్లు తోస్తుందనీ, తల్లి మీద మురికి పోస్తున్నారంటే మాత్రం అతడే లేచి వస్తాడనీ గ్రహించి, ఉద్యమభాషను ఆ మేరకు మలచుకున్నారు. ఇది ప్రచారంలో నేర్పు మాత్రమే అనుకోవడం పొరపాటు, ఎందుకంటే ఇందులో దోషం నదిలోనుంచి మనిషిలోకి మారుతుంది.

అయినా రెండంతస్తుల సిద్ధాంతం పూర్తిగా తీరని ఒక లోటును మిగిల్చింది. పూజ దానంతట అదే నదిని కాపాడుతుందనుకుంటే దేశంలో అత్యధికంగా పూజలందుకునే గంగ అందరికంటే నిర్మలంగా ఉండాలి; హైదరాబాదులో మూసీకి పాత కథల్లో ముచుకుంద అనే పేరున్నా గంగాహారతి వంటి ఆరాధన దానికి ఏనాడూ దక్కలేదు, కాబట్టి దాని గతి వేరుగా ఉండాలి. నగరాల పొడవునా చూస్తే రెండూ ఒకే స్థితికి చేరాయి. ఆరాధన ఉండటం, లేకపోవడం అన్న భేదం మురుగుకాలువకు తెలియదన్నమాట. అందువల్ల అసలు ప్రశ్న ఎంత భక్తి ఉందన్నది కాదు, ఏ తరహా భక్తి అన్నది.

ఈ సందర్భంలో తెలుగునాట ఒక స్థలపురాణాన్ని పరిశీలించడం అవసరం. కృష్ణానది సముద్రంలో కలిసే ప్రాంతంలోని హంసలదీవి కథ ప్రకారం, జనం వదిలిన పాపాలన్నీ మోసి మోసి గంగ నల్లని కాకి అయింది. తీర్థాలన్నిటిలో మునుగుతూ తిరిగి, చివరికి ఈ సంగమంలో స్నానం చేసి హంసగా మారింది. కథకుడి ఉద్దేశం స్థలమాహాత్మ్యం చెప్పడమే కావచ్చు గాని, అతడు తెలిసో తెలియకో ఒక సాహసమైన ప్రతిపాదన చేశాడు: పావనం చేసేదానికీ బరువెక్కుతుంది, దానికీ స్నానం కావాలి. పన్నెండేళ్లకొకసారి బృహస్పతి రాశి మారినప్పుడు ఒక్కొక్క నదికి వచ్చే పుష్కరాల్లో లక్షలాది జనం నదినుంచి తీసుకునేదాని గురించే ఆలోచిస్తారు. హంసలదీవి కథ నది తరఫున మాట్లాడుతుంది.

దైవత్వమూ పరాధీనతా ఒకేచోట ఎలా ఉండగలవన్న దానికి సిద్ధాంతస్థాయిలో సమాధానం శ్రీవైష్ణవంలో దొరుకుతుంది. ఆ సంప్రదాయం భగవంతుడికి ఐదు స్థితులు చెబుతుంది: వైకుంఠంలోని పరరూపం, సృష్టివ్యాపారం నడిపే వ్యూహం, రామకృష్ణాది విభవావతారాలు, హృదయంలోని అంతర్యామి, చివరగా గుడిలో భక్తులు ప్రతిష్ఠించుకున్న అర్చామూర్తి. వీటిలో చివరిదే అత్యంత సులభమైనదనీ, సులభం కావడం కోసమే భగవంతుడు అక్కడ సర్వశక్తినీ దాచుకొని, స్నానానికీ వస్త్రానికీ నైవేద్యానికీ అర్చకుడి మీద ఆధారపడినట్లు ఉంటాడనీ పిళ్లై లోకాచార్యుల వంటి ఆచార్యులు వివరించారు. ఇక్కడ పరాధీనత లోపం కాదు, అది కరుణకు పరాకాష్ఠ. భక్తుడు చేసే సేవకు కైంకర్యమని పేరు. నదిని ఈ కోణంలో అర్చామూర్తిగా చూసినప్పుడు మొదటి ప్రశ్నలోని ఉచ్చు సడలుతుంది. నదికి సేవ కావలసి రావడం దాని దైవత్వానికి వ్యతిరేక సాక్ష్యం కాదు, అది భక్తుడికి దక్కిన అవకాశం. విగ్రహం మైలపడినప్పుడు సంప్రోక్షణ, జీర్ణమైనప్పుడు జీర్ణోద్ధరణ ఆగమాలు విధించినవే కాబట్టి, దైవసన్నిధికీ మరమ్మతు అవసరమవుతుందని ఒప్పుకోవడంలో సంప్రదాయానికి కొత్తగా వచ్చే ఇబ్బంది ఏమీ లేదు.

ఈ పోలిక ఒకచోట తెగిపోతుంది, అది దాచవలసిన విషయం కాదు. గుడిని పునర్నిర్మించే కాలంలో మూలమూర్తి శక్తిని బాలాలయంలోకి, అంటే తాత్కాలిక సన్నిధిలోకి, ఆవాహన చేసి పూజలు సాగిస్తారు. నదికి బాలాలయం లేదు. బాగుచేసేంతవరకు దానిని పక్కకు తప్పించి ఉంచడం సాధ్యం కాదు. ఒకవైపు మురుగు పడుతుండగానే మరోవైపు సేవ జరగాలి. న్యాయశాస్త్రం కూడా ఇక్కడే తడబడింది. విగ్రహాన్ని ఆస్తి కలిగి ఉండగల చట్టబద్ధ వ్యక్తిగా, సంరక్షకుడు అవసరమైన మైనరుగా పరిగణించడం భారతీయ న్యాయస్థానాలకు పాత అలవాటే. దాదాపు అదే తీరులో 2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగాయమునలను వ్యక్తులుగా ప్రకటించి అధికారులను సంరక్షకులుగా నియమించింది. వరదలో నష్టపోయినవాడు నది మీద దావా వేస్తే పరిహారం ఎవరు చెల్లించాలన్న సందేహంతో రాష్ట్రప్రభుత్వమే సుప్రీంకోర్టుకు వెళ్లగా, అదే ఏడాది జులైలో ఆ తీర్పు అమలు నిలిచిపోయింది.

కైంకర్యభావన ఆచరణలో ఎలా ఉంటుందో చూడటానికి వైష్ణవక్షేత్రం కంటే పంజాబ్‌లోని కాలీ బేయి అనే చిన్న నది మంచి ఉదాహరణ. హోషియార్‌పూర్ జిల్లాలో పుట్టి కపుర్తలా మీదుగా సుమారు 160 కిలోమీటర్లు ప్రవహించి, బియాస్, సట్లెజ్ నదుల సంగమ ప్రాంతమైన హరికే వద్ద కలిసే ఈ నది ఒడ్డునే సుల్తాన్‌పూర్ లోధీ ఉంది. గురునానక్ అక్కడ దౌలత్ ఖాన్ లోధీ ధాన్యాగారంలో ఉద్యోగం చేస్తున్న కాలంలో స్నానానికని బేయిలో దిగి మూడు రోజులు కనిపించలేదనీ, జ్ఞానోదయంతో తిరిగివచ్చాడనీ జనమ్‌సాఖీలు, అంటే ఆయన చరిత్రను చెప్పే సంప్రదాయ గాథలు, వర్ణిస్తాయి. సిక్కుమతం పుట్టిన నీరు అన్నంత గౌరవం ఉన్న ఆ నది ఇరవయ్యో శతాబ్దాంతానికి పట్టణాల మురుగుతో, గుర్రపుడెక్కతో పూడిపోయి, చాలాచోట్ల నది ఆనవాలే లేని స్థితికి చేరింది.

2000 జులైలో బల్బీర్ సింగ్ సీచేవాల్ అనే సంత్ అనుచరులతో ఆ నీటిలోకి దిగారు. వేదాంతాధ్యయనానికి పేరుపొందిన నిర్మల సంప్రదాయానికి చెందిన ఆయన దీనిని ఉద్యమమనో ప్రాజెక్టు అనో కాక కార్ సేవ అని పిలిచారు. కార్ సేవ అంటే మతసంబంధమైన ఉమ్మడి పనికి కూలి లేకుండా శరీరశ్రమను సమర్పించడం. అమృత్‌సర్ స్వర్ణమందిర సరోవరంలో 1923లోనూ 1973లోనూ పూడిక తీసింది ఈ పద్ధతిలోనే. గ్రామాలనుంచి జనం వంతులవారీగా వచ్చి, నడుములోతు బురదలో నిలబడి, వేళ్లు పెనవేసుకున్న గుర్రపుడెక్కను చేతులతో చీల్చి ఒడ్డుకు లాగారు. వారికి లంగరు, అంటే సామూహిక భోజనం, చుట్టుపక్కల ఊళ్లనుంచి వచ్చింది. ఒడ్లు గట్టిపరిచి, ఘాట్లు కట్టి, చెట్లు నాటారు. సీచేవాల్ గ్రామంలో మురుగును గుంటల్లో తేర్చి పొలాలకు పారించే పద్ధతి అమలుచేసి, నదిలో పడేదానికి పొలంలో చోటు చూపించారు. రాష్ట్రపతి అబ్దుల్ కలాం 2006లో స్వయంగా వచ్చి ఈ పని చూశారు. 2017లో సీచేవాల్‌కు పద్మశ్రీ లభించింది.

ఇందులో తాత్త్వికంగా ఆసక్తికరమైన అంశం ఒకటి ఉంది. తీర్థస్నానమే ముక్తినిస్తుందన్న నమ్మకాన్ని గురునానక్ సూటిగా ప్రశ్నించాడు. తన రచన అయిన జపుజీలో దైవానుగ్రహం లేని స్నానానికి విలువ లేదన్నది ఆయన స్థిరమైన మాట, మరోవైపు ఆ రచన ముగింపులోనే నీటికి తండ్రి స్థానమూ దక్కింది. స్నానఫలాన్ని నమ్మని మతం ఒక నదిని బాగుచేసుకోగా, స్నానఫలాన్ని నిండా నమ్మే మతం గంగ విషయంలో చాలాకాలం వెనుకబడింది. ఇది యాదృచ్ఛికం కాకపోవచ్చు. నది ఏమిస్తుందన్న లెక్క పక్కకు తప్పుకున్నప్పుడు దానికి ఏమివ్వాలన్న ప్రశ్నకు చోటు దొరుకుతుంది. కైంకర్యానికి ఫలాపేక్ష ఉండరాదని శ్రీవైష్ణవాచార్యులు పట్టుబట్టిందీ ఇందుకే. అలాగని స్నానానికి వచ్చే సామాన్యుణ్ణి తక్కువచేయడం న్యాయం కాదు, మిశ్ర వంటివారికి శ్రోతలుగా దొరికింది అతడే.

స్వచ్ఛంద సేవను కీర్తించే రచనలు సాధారణంగా దాటవేసే మరో విషయం కులం. బురదలోకి దిగిన సంత్‌కు పాదాభివందనం దొరుకుతుంది, మ్యాన్‌హోల్‌లోకి దిగిన పారిశుద్ధ్య కార్మికుడికి దొరకదు. ఒకే మురుగు ఒకరి చేతికి పుణ్యం, తరతరాలుగా మరొకరి చేతికి అంటరానితనం అంటగట్టింది. మానవ మలాన్ని చేతులతో ఎత్తించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చినా మరణాలు ఆగలేదు. మురుగుకాలువలో చనిపోయినవారి కుటుంబాలకు సుప్రీంకోర్టు 2014లో 10 లక్షలుగా నిర్దేశించిన పరిహారాన్ని 2023లో 30 లక్షలకు పెంచవలసి వచ్చింది. ఎంచుకొని చేసేదే సేవ అన్నది నిజమైతే, ఎంచుకునే స్వేచ్ఛ లేనివాడి శ్రమను ఏమనాలో నదీభక్తులు ఇంకా తేల్చుకోలేదు. కార్ సేవలో అన్ని కులాలవారూ ఒకే బురదలో నిలబడటం కొంత ఊరట, అంతకంటే పెద్దమాట వాడటం అతిశయోక్తి.

బేయి కథ విజయంతో ముగిసిపోలేదు కూడా. ప్రశంసలు వచ్చిన తర్వాతి సంవత్సరాల్లోనూ మురుగు తిరిగి చేరి చేపలు చచ్చి తేలిన సందర్భాలు ఉన్నాయి. కర్మల్లో నిత్యం, నైమిత్తికం అని మీమాంసకులు చేసిన విభజన ఇక్కడ ఉపకరిస్తుంది: ప్రతిరోజూ తప్పక చేయవలసినది నిత్యం, ఏదో ఒక నిమిత్తం కలిగినప్పుడు చేసేది నైమిత్తికం. పుష్కరం నైమిత్తికం, సరోవరంలో పూడిక తీయడం నైమిత్తికం. నదికి కావలసింది మాత్రం నిత్యకైంకర్యం. 1986లో మొదలైన గంగా కార్యాచరణ ప్రణాళిక మీద మిశ్ర పదేపదే చేసిన విమర్శ సాంకేతికమైనదే అయినా దాని సారం ఇదే: కరెంటు పోయినప్పుడల్లా పంపులు ఆగి మురుగంతా నదిలోకి పోతుంది కాబట్టి, పల్లానికి దానంతట అదే పారి గుంటల్లో శుద్ధి అయ్యే ఏర్పాటు కావాలన్నది ఆయన వాదన. గుడిలో ఏ కైంకర్యం ఎవరి వంతో స్పష్టంగా రాసి ఉంటుంది. నది విషయంలో ఆ వంతులు 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం ప్రకారం నియంత్రణ మండళ్లకూ, స్థానిక పాలన చట్టాల ప్రకారం పురపాలక సంఘాలకూ ఉన్నాయి; తమ వంతు కానిదానిని స్వచ్ఛంద బృందాలు భుజాన వేసుకున్నకొద్దీ వంతు ఉన్నవారు మరచిపోయే ప్రమాదమూ ఉంది. సీచేవాల్ 2022లో రాజ్యసభ సభ్యుడయ్యారు. 2024లో లూధియానాలోని బుడ్ఢా నాలా మీద కార్ సేవ మొదలుపెట్టారు. గురునానక్‌తో ముడిపడిన గౌ ఘాట్ గురుద్వారా దాని ఒడ్డునే ఉంది. ఆ నాలాలో కలుస్తున్నది బట్టలకు అద్దకం వేసే కర్మాగారాల రంగునీరు, పశువుల పాకల వ్యర్థం. గుర్రపుడెక్కలాగా చేతితో పీకి ఒడ్డున వేయడానికి వీలులేని ఈ కాలుష్యం ముందు సేవకుడు చేయగలిగింది గొట్టాలు ఎక్కడెక్కడ తెరుచుకుంటున్నాయో వెతికి పట్టుకోవడం, వాటిని మూయించమని అధికారులను నిలదీయడం. అర్చకత్వంలో ఇటువంటి విధి ఏ ఆగమంలోనూ లేదు.