ఓడ మల్లయ్య బాకీ

అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్న మా పెద్దబ్బాయి ఒక ఆదివారం ఫోను చేశాడు. "నాన్నా, సెప్టెంబరులో నువ్వూ అమ్మా ఇక్కడికి రండి. ఏడు రోజులు కరీబియన్ సముద్రంలో ఓడ మీద తిప్పి తీసుకొస్తాను. ఆ నెలలో టిక్కెట్టు దాదాపు సగం ధరకే వస్తుంది" అన్నాడు. సగం ధర అనేసరికి నాలోని బ్యాంకువాడు లేచి కూర్చున్నాడు. చాలా ఏళ్ళు అప్పులిచ్చే కుర్చీలో కూర్చున్నవాడికి ఒక అలవాటు పడుతుంది. ఎవరైనా ఒక వస్తువును సగం ధరకు ఇస్తామంటే, మిగతా సగం ఎవరు కడుతున్నారని అడగకుండా ఉండలేడు.

"ఎందుకురా సగం?" అన్నాను.

"అది తుఫానుల కాలం నాన్నా, జనం తక్కువ. భయమేమీ లేదు. తుఫాను వస్తే ఓడ దారి మార్చుకుని తప్పుకుంటుంది" అన్నాడు.

మా ఇంటావిడ పక్కనుంచి వింటోంది. పెళ్ళయిన నాటి నుంచి ఆమెను నేను తీసుకెళ్ళిన యాత్రలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కాబట్టి ఈ ప్రశ్న నాకు ఊరికే తర్కం కోసం పుట్టింది కాదు. తుఫాను కాలంలో, చవగ్గా దొరుకుతుందని, విహారానికి సముద్రం మీదికి వెళ్ళవచ్చా? వెళితే తప్పేమిటి?

మొదట అబ్బాయి మాట ఎంతవరకు నిజమో చూద్దాం. అట్లాంటిక్ సముద్రంలో జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా హరికేన్ల కాలం. హరికేన్ అన్నా మన తుఫాను అన్నా జాతి ఒకటే, సముద్రాన్ని బట్టి పేరు మారింది. సెప్టెంబరు నెల ఆ కాలానికి నడిమధ్య, గాలివానలు ముదిరే సమయం. అయితే ఇప్పుడు ఆకాశంలో ఉపగ్రహాలున్నాయి, తుఫాను ఎక్కడ పుట్టిందో ఎటు నడుస్తోందో రోజుల ముందే తెలుస్తుంది. తుఫాను నడక కన్నా పెద్ద విహార నౌక నడక సాధారణంగా ఎక్కువే. అందువల్ల ఓడవాళ్ళు ఒక రేవు వదిలేసి ఇంకో రేవుకు పోతారు. ప్రయాణికుడికి నష్టమేమిటంటే చూడాలనుకున్న దీవి ఒకటి తప్పిపోతుంది, రెండు రాత్రులు కడుపులో తిప్పుతుంది. అంతకు మించి ప్రాణభయం తక్కువ. ఇక్కడికి అబ్బాయి చెప్పింది ఒప్పుకోవలసిందే.

కానీ ఓడ తప్పుకుంటుంది, దీవి తప్పుకోలేదు. 2024 జూలై 1న బెరిల్ అనే హరికేన్ గ్రెనడా దేశానికి చెందిన కరియకూ అనే చిన్న దీవి మీద పడి, అక్కడి ఇళ్ళలో అత్యధిక భాగాన్ని నేలమట్టం చేసింది. ఆ వారం ఓడలు వేరే దారి పట్టాయి. ఊళ్ళోవాళ్ళకు వేరే దారి లేదు.

ఓడలో పనిచేసేవాళ్ళ సంగతి ఇంకొకటి. 1998 అక్టోబరులో ఫాంటోమ్ అనే పెద్ద తెరచాప ఓడ విహారయాత్రికులతో బయలుదేరింది. మిచ్ అనే హరికేన్ వస్తోందని తెలిసి, యాత్రికులను బెలీజ్ నగరం రేవులో దించి, విమానాల్లో సాగనంపారు. తర్వాత కెప్టెనూ సిబ్బందీ కలిసి ముప్పై ఒక్క మంది ఆ ఓడను కాపాడుకోవడానికి తిరిగి సముద్రం మీదికి పోయారు. వాళ్ళు తప్పించుకోవాలనుకున్న వైపుకే హరికేన్ తిరిగింది. అక్టోబరు 27న హోండురాస్ తీరం దగ్గర ఓడ పోయింది. ముప్పై ఒక్క మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. యాత్రికుల్లో ఒక్కరికీ దెబ్బ తగలలేదు.

ఈ సంగతి చదివినప్పుడు మన సామెత గుర్తొచ్చింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. కృతఘ్నుల మీద చెప్పిన సామెత అని చిన్నప్పుడు నేర్చుకున్నాం. దాంట్లో ఇంకో ప్రశ్న కూడా ఉందని నాకు ఆలస్యంగా తోచింది. మనల్ని దించేశాక మల్లయ్య మళ్ళీ అదే ఏట్లో వెనక్కి పోవాలి కదా, అప్పుడు ఏరు ఎలా ఉంది?

ఇది ఇతరుల మీద పెట్టి మాట్లాడడం న్యాయం కాదు గనుక నా సంగతి చెబుతాను.

పదిహేడేళ్ళ కిందట ఎల్.టి.సి. మీద నాలుగు కుటుంబాలం కలిసి గోదావరి చూడడానికి వెళ్ళాం. మన కోలారు జిల్లాలో పుట్టినవాడికి నిండుగా పారే నది అంటే ఒక దాహం. పాలారు మన దగ్గర పేరుకే ఏరు, చాలా ఏళ్ళు ఇసుకే. పైగా మనం మాట్లాడే తెలుగుకు పుట్టిల్లు లాంటి నది అని మనసులో ఒక మమకారం. అది ఆగస్టు నెల. పాపికొండల లాంచీ ఎక్కే రేవుకు చేరేసరికి నీళ్ళు ఎర్రగా, మట్టి కలిసి, సుడులు తిరుగుతూ పోతున్నాయి. సరంగు ఒక నడివయసు మనిషి. "ఇయ్యాల వద్దండి. పైన వానలు పడుతున్నాయి. రేపు చూద్దాం" అన్నాడు.

మాకు రేపు లేదు. మర్నాటికి రైలు టిక్కెట్లున్నాయి. "ఎక్కడో కోలారు నుంచి వచ్చాం బాబూ, మళ్ళీ ఎప్పుడు వస్తాం" అన్నాం. కొంచెం ఎక్కువ ఇస్తామన్నాం. అందరికన్నా గట్టిగా మాట్లాడింది నేనే. ఆయన మా మొహాల కేసి, ఏటి కేసి చూసి, చివరకు ఇంజను వేశాడు. ఒక మలుపు దగ్గర లాంచీ పక్కకు ఒరిగింది. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. ముందువైపు గెడ పట్టుకుని నిలబడ్డ కుర్రవాడు జారి మోకాళ్ళ మీద పడి, మళ్ళీ లేచాడు. సాయంత్రానికి క్షేమంగా ఒడ్డెక్కాం. సరంగు చేతిలో వంద రూపాయలు పెట్టాను. అందరూ నా చొరవను మెచ్చుకున్నారు. ఆ కథ ఆఫీసులో చాలాసార్లు గొప్పగా చెప్పుకున్నాను.

2019 సెప్టెంబరు 15న అదే గోదావరిలో కచ్చులూరు దగ్గర విహారానికి బయలుదేరిన పడవ మునిగింది. నది వరద మీద ఉన్న రోజులవి. పడవలో 77 మంది ఉన్నారన్నారు. ఒడ్డున ఉన్న గిరిజన గ్రామంవాళ్ళు తమ చిన్న పడవల్లో వెళ్ళి 26 మందిని బయటికి తీశారు. యాభై మంది దాకా పోయారు. పడవను పైకి తీయడానికే నెల పైన పట్టింది. ఆ రోజు ఎవరు ఎవరిని ఏమి అడిగారో, ఎవరి తప్పు ఎంతో తేల్చడం నా పని కాదు. కానీ పేపరు చేతిలో పట్టుకుని నేను చూసింది మాత్రం మా లాంచీనే, గెడ పట్టుకున్న ఆ కుర్రవాణ్ణే.

ఏమీ జరగలేదు కదా, మరి నా తప్పేమిటి అని ఎవరైనా అనవచ్చు. దీనికి జవాబు నాకు బ్యాంకులోనే దొరికింది. పత్రాలు చూడకుండా, పొలం చూడకుండా ఒక ఆఫీసరు అప్పు మంజూరు చేశాడనుకుందాం. అప్పు తీసుకున్నవాడు మంచివాడై వడ్డీతో సహా కట్టేశాడు. ఆ మంజూరు మంచిదవుతుందా? ఆడిట్‌కు వచ్చినవాడు ఒప్పుకోడు. డబ్బు తిరిగి రావడం అవతలివాడి మంచితనం, మన అదృష్టం. నిర్ణయం మాత్రం చెడ్డదే. లాంచీ ఒడ్డు చేరడం సరంగు నేర్పు. అతను వద్దన్నాక బలవంతం చేయడం నా పని. ఆ రెండింటినీ కలిపి, లాభం వచ్చింది గనుక సరే అని ఖాతా మూసేయడం తప్పుడు లెక్క.

ఇంకో మాట వస్తుంది. నేను బి.కాం. చదివినవాణ్ణి గనుక ఆ మాట నాకే ముందు వచ్చింది. సరంగు డబ్బు తీసుకున్నాడు, ఒప్పుకున్నాడు, ధర కుదిరింది. ఇక బాకీ ఎక్కడిది? దీనికి జవాబు మన కేజీఎఫ్ చెబుతుంది. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది మొదలు, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా ఎన్ని వేలమంది కేజ్ ఎక్కి కిందికి దిగారో! చాంపియన్ రీఫ్ గనిలో లోతు మూడు వేల మీటర్లు దాటింది. రాయి ఒత్తిడికి ఉన్నట్టుండి పేలేది. పాతకాలంలో దాన్ని ఎయిర్ బ్లాస్ట్ అనేవారు. పైన ఇళ్ళల్లో గిన్నెలు కదిలితే, ఇవాళ ఏ షిఫ్టు కింద ఉందో అని ఆడవాళ్ళు వాకిళ్ళలోకి వచ్చేవారు. 1956లో మైసూరు ప్రభుత్వం తీసుకునేదాకా ఆ గనుల లాభాలు లండనులో వాటాదారులకు అందేవి. వాళ్ళూ ధర కుదుర్చుకునే కూలి ఇచ్చామన్నారు. దిగినవాడు ఇష్టపడే దిగాడన్నారు.

ఇష్టమంటే ఏమిటి? వద్దంటే ఆ పూట అన్నం పోయేవాడు సరేనంటే, ఆ సరేను ఒప్పుదల అనడానికి నాకు నోరు రాదు. సరంగు వద్దన్నాడు, అది అతని తెలివి. సరే అన్నాడు, అది అతని ఇల్లు. నేను ఆ ఇంటిని అడ్డం పెట్టుకుని ఆ తెలివిని ఓడించాను. గనిలో దిగినవాడు కనీసం ఒక దేశానికి బంగారం తవ్వాడు. నేను అతన్ని ముప్పులోకి నెట్టింది కొండలు చూసి ఫొటోలు తీసుకోవడానికి.

అలాగని, ఇకనుంచి ఎవరూ ఆ కాలంలో వెళ్ళకూడదని తీర్పు చెప్పేద్దామా? అదీ తొందరే. యాత్రికులు రాకపోతే పాపికొండల సరంగుకు నెలల తరబడి కూలి లేదు. కరీబియన్ దీవుల్లో చాలావాటికి యాత్రికులే జీవనాధారం. తుఫాను దెబ్బ తిన్నాక జనం రావడం మానేస్తే అది వాళ్ళకు రెండో తుఫాను. కష్టకాలంలో మేము రాము, మీకు మంచి రోజులొచ్చాక వస్తాం అనడం గొప్ప ధర్మమేమీ కాదు.

గాలికి ఎటూ పక్షపాతం లేదు. 2021 నవంబరులో బంగాళాఖాతం మీదినుంచి వచ్చిన వానలకు మన చెరువులు నిండి అలుగులు పారాయి. కోతకొచ్చిన రాగి పోయినా, నీళ్ళు చూసి మనవాళ్ళు సంబరపడ్డారు. అదే నెల 19న కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళు కొట్టుకుపోయాయి. మన సంతోషం వాళ్ళ దుఃఖానికి కారణం కాదు, అందుకని మనం తప్పు చేసినట్టు కాదు. కానీ ఆ సంగతి తెలిసీ తలచుకోకపోతే మాత్రం మనిషితనంలో ఏదో తగ్గినట్టే. వాన మనకు ఊరికే వచ్చింది. సగం ధర టిక్కెట్టు అలా కాదు, అది మనం ఎంచుకుని కొనేది. కాబట్టి అక్కడ తలచుకోవడంతో సరిపోదు.

నాకు తోచిన నియమాలు ఇవి. చవకగా దొరికినప్పుడు, దానితో వచ్చే నష్టం కూడా మనదే అని ముందే ఒప్పుకుని వెళ్ళాలి. ఓడ వెనక్కి తిరిగితే, రేవు తప్పిపోతే, గొణగకూడదు, డబ్బు తిరిగిమ్మని సిబ్బంది మీద ఎగరకూడదు. నడిపేవాడు వద్దంటే ఆ మాటే చివరి మాట, ఎంత దూరం నుంచి వచ్చామన్నది దానికి సంబంధం లేదు. మిగిలిన సగం డబ్బు పూర్తిగా మన లాభం కింద రాసుకోకూడదు. అందులో కొంత, పడక సర్దేవాడికి, వంటవాడికి, దీవిలో టాక్సీ నడిపేవాడికి చేరాలి. ఇవి పాటించగలనన్న నమ్మకం ఉంటే వెళ్ళవచ్చు. లేకపోతే నిండు ధర ఇచ్చి ఫిబ్రవరిలో పోవడం మేలు.

ఇదంతా మా ఇంటావిడకు చెప్పాను. ఆవిడ ఓపికగా విని, "ఆ రోజు ఆ సరంగుకు వంద రూపాయలే ఇచ్చారా?" అంది.

అబ్బాయికి ఇంకా జవాబు చెప్పలేదు.