ఆ గడిలో ఏమి వ్రాయవలెను?

మొన్నటి కాఫీ కోతల కాలమున ఒక సాయంకాలము మా సంఘపు యౌవనస్థుడొకడు మా యింటికి వచ్చెను. వచ్చి చాలసేపు ఊరకయే కూర్చుండెను. అరకులోయలో ఆ నెలల చలి యెట్టిదో యెరిగినవారే యెరుగుదురు. పొయ్యి దగ్గర రెండు గ్లాసుల టీ అయిన పిమ్మట గాని అతడు నోరు విప్పలేదు. అతనికి సర్కారు ఉద్యోగము దాదాపు చేతికి వచ్చినది. వ్రాతపరీక్ష గడిచెను, పరుగు గడిచెను, వైద్యపరీక్షయు గడిచెను. ఇక అటెస్టేషను ఫారము మూడు ప్రతులు నింపి యియ్యవలెను. దానిని పట్టుకొని పోలీసువారు ఊరికి వచ్చి విచారింతురు. తన నడవడి యెరిగిన యిద్దరు పెద్దమనుష్యుల పేర్లు అందులో వ్రాయవలసియుండగా, ఒకటి మా పేరు వ్రాసికొందునని అడుగుటకు వచ్చెను. అది సులభమైన సంగతియే. సులభము కానిది ఆ తరువాత చెప్పెను.

అయిదేండ్ల క్రిందట, అతనికి 19 సంవత్సరముల ప్రాయమున, సంతలో చింతపండు తూకము దగ్గర తగవు వచ్చినది. తల్లి నెత్తిన మోసికొని వచ్చిన బుట్ట. తూకము తగ్గినదని యితడు, తగ్గలేదని వర్తకుడు. మాట మీద మాట పెరిగి, తోపులాట అయి, వర్తకుని నుదురు కాటాకు తగిలి రక్తము వచ్చినది. పోలీసులు వచ్చిరి. కోర్టులో జరిమానా కట్టించిరి. ఇంటికి వచ్చినాడు. అటుతరువాత అతని మీద ఎవరును ఒక మాట అనినది లేదు. ఆదివారపు బడిలో పిల్లలకు పాటలు నేర్పువాడు అతడే.

“అయ్యగారూ, ఆ రోజే డబ్బు కట్టేసినాను. కేసు పోయినట్టే గదండి. ‘లేదు’ అని రాసేస్తే ఏమవుద్దండి? ‘ఉంది’ అని రాస్తే మాత్రం ఉద్యోగం పోతాది,” అనెను.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. ఎందుకు చెప్పలేకపోతిమో కొంచెము సేపటిలో ఒప్పుకొందుము.

మన కొండలలో కేసు అనుమాట వేరు, సిగ్గు అనుమాట వేరు. అనంతగిరి మొదలు ముంచింగిపుట్టు వరకు ఏ గూడెమునకు పోయినను ఏదో యొక కాగితము మీద పేరెక్కిన యిల్లు కనబడును. ఒకనికి పోడు కొట్టినందుకు అటవీశాఖ కేసు. ఒకామెకు ఇంటివెనుక సారా కుండ దొరికినందుకు ఎక్సైజు కేసు, ఆపైన తహశీల్దారు ఎదుట బైండోవరు. ఇందులో కొన్ని నిజముగా పాపములే; సారా మన యిండ్లను ఏమి చేయుచున్నదో కాపరికి ఎవరును చెప్పనక్కరలేదు. కొన్ని మాత్రము తాత నరికిన కొండను మనుమడు నరికిన నేరములు. 2006లో అటవీ హక్కుల చట్టము వచ్చిన పిమ్మట అట్టి భూములకే కొందరికి పట్టాలు దొరికినవి. చట్టములును ఒక తీరున నిలిచియుండవు. మన రాష్ట్రములో 1993లో సారాను, 1995లో మద్యమంతటిని నిషేధించిరి. 1997లో మద్య నిషేధమును సడలించిరి. 1996లో ఒక సీసాతో పట్టుబడినవాని పేరు కాగితము మీద ఉండిపోయెను, 1998లో అదే సీసాను అంగడిలో కొన్నవాని పేరు ఎక్కడను లేదు.

మన జిల్లా పేరే చూడుడి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన యీ జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిరి. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు ఠాణా మీద పడి తుపాకులు పట్టుకొనిపోయిన మనుష్యుడు ఆయన. ఫారములో ‘జిల్లా’ అనుచోట ఆ పేరు ధైర్యముగా వ్రాసిన మన పిల్లవాడు, దిగువను ‘ఎన్నడైనను అరెస్టు చేయబడితివా, జరిమానా విధింపబడెనా’ అనుచోట కలము ఆపి వణకుచున్నాడు.

అయితే గంజాయి మూట మోసినదానిని మేము చిన్న మచ్చ అనము. కూలి దొరుకునని మోసితిమని పిల్లలు చెప్పుదురు. 20 కిలోలు మించినచో చట్టము విధించు శిక్ష 10 సంవత్సరములకు తక్కువ కాదు. ఆ సంగతి వేరొక నెల వ్రాయుదుము. ఇక్కడ మేము మాటలాడునది చింతపండు బుట్ట వంటి వాటిని గూర్చియే.

ఇట్లుండగా, పెద్ద పాపము కాని దానిని ‘లేదు’ అని వ్రాయుట పాపమా? ఆ రాత్రి యీ ప్రశ్న మమ్మును నిద్రపోనియ్యలేదు. అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయములోని అననీయ సంగతి మరల చదివితిమి. అననీయ పొలము అమ్ముట తప్పు కాదు. వెలలో కొంత తన దగ్గర ఉంచుకొనుటయు తప్పు కాదు. పొలము అతనిదే, సొమ్మును అతని వశముననే యుండెనని పేతురే ఒప్పుకొనెను. కొంత తెచ్చి, ఇది అంతయు అని కనుపరచుట తప్పు. చదువరులను భయపెట్టుటకు దీనిని ఎత్తుట లేదు. తప్పు లేనిచోట మనుష్యుడు ఊరక తప్పును ఎట్లు పుట్టించుకొనునో మాకు అందులో కనబడినది. సంతలో తోపులాట ఒక క్షణపు కోపము. దానికి జరిమానా చెల్లినది. ఫారములో ‘లేదు’ అని వ్రాసినచో అది 24 ఏండ్ల మనుష్యుడు, కోపము లేక, తొందర లేక, కూర్చుండి, మూడు ప్రతులలో మూడు మారులు వ్రాసి, ప్రతిదాని క్రింద సంతకము చేసిన క్రొత్త సంగతి యగును.

న్యాయస్థానములును ఇంచుమించు ఇట్లే తలంచినవి. మరునాడు ఒక ప్లీడరుగారిని అడిగి తెలిసికొన్నవి చెప్పుదుము, మన యౌవనస్థులకు పనికివచ్చును. మొదటిది, డబ్బు కట్టితిమి గనుక కేసు పోయినదనుకొనుట పొరపాటు. నేరము ఒప్పుకొని జరిమానా కట్టుట యనగా శిక్ష పడినట్లే. ఇరుపక్షములు రాజీపడి కోర్టు దానిని అంగీకరించినచో అది వేరు, విడుదల అయినట్లు. తహశీల్దారు ఎదుట బైండోవరు అయినచో అది శిక్షయే కాదు. అయినను ఫారము దానినిగూర్చి కూడ అడుగును. 18 ఏండ్లు నిండక మునుపు జరిగిన దానివలన అనర్హత కలుగదని 2015 నాటి బాలల న్యాయ చట్టము చెప్పుచున్నది. మన పిల్లలలో అనేకులకు తమ కేసు ఈ నాలుగింటిలో ఏదో తెలియదు. తెలియకయే ‘లేదు’ అని వ్రాయుదురు. కోర్టులో అర్జీ పెట్టి తీర్పు నకలు తెచ్చుకొనిన గాని ఆ గడిని ముట్టకూడదని ప్లీడరుగారు గట్టిగా చెప్పిరి.

రెండవది, సుప్రీంకోర్టువారి మాట. ఢిల్లీ పోలీసు శాఖలో ఉద్యోగమునకు ఎంపికయిన యొక యువకుడు, 20 ఏండ్ల ప్రాయమున జరిగి రాజీతో ముగిసిన తగవు కేసును దరఖాస్తులో చెప్పక, తరువాత అటెస్టేషను ఫారములో చెప్పెను. అతని అభ్యర్థిత్వమును రద్దుచేసిరి. 2011లో సుప్రీంకోర్టు, యౌవనమున చేసిన చిన్న పొరపాటును జీవితమంతయు మోయింపరాదని అతని పక్షమున తీర్పు చెప్పెను. ఇట్టి వ్యాజ్యములలో ఒక్కొక్క ధర్మాసనము ఒక్కొక్క విధముగా చెప్పుచుండగా, 2016లో ముగ్గురు న్యాయమూర్తులు కూర్చుండి అవతార్ సింగ్ అనువాని వ్యాజ్యములో సంగతి తేల్చిరి. అడిగినది నిజముగా చెప్పవలెను. దాచిన సంగతి చిన్నప్రాయమున నినాదములు చేయుట వంటి అల్పమైనదైనచో ఉద్యోగమిచ్చువారు దానిని చూచి చూడనట్లు విడువవచ్చును. నిజము చెప్పినను, అభ్యర్థి తగునో తగడో ఆలోచించుకొను అధికారము వారికి ఉన్నది. ఇచ్చి తీరవలెనని బలవంతము లేదు.

ఈ కడపటి మాటను మేము దాచము. నిజము వ్రాయుము, ఉద్యోగము తప్పక వచ్చునని ఆ పిల్లవానికి మేము వాగ్దానము చేయలేము. ప్రసంగపీఠము మీద నుండి అట్లు చెప్పుట సులభము. మేము జీతము పోగొట్టుకొనుట లేదు గదా.

2011 నాటి తీర్పులో న్యాయమూర్తులు రొట్టె దొంగిలించిన జాన్ వాల్‌జాన్ కథను తలంచుకొనిరి. ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో 1862లో ప్రకటించిన నవల అది. 1950లో చిత్తూరు నాగయ్యగారు నటించిన ‘బీదలపాట్లు’ చిత్రము ఆ కథయే గనుక మన యిండ్లలోని పెద్దలు ఎరుగుదురు. చెర విడిచి వచ్చిన ఆ మనుష్యుని చేతికి పసుపుపచ్చని కాగితమొకటి యిచ్చిరి. ఏ ఊరికి పోయినను దానిని చూపవలెను. చూపినచోటనెల్ల సత్రము తలుపు మూయబడెను. తుదకు ఒక బిషప్పుగారు ఆ కాగితమును అతడే చదివి వినిపించినను లెక్కచేయక, అన్నము పెట్టి పరుపు పరపించెను. ఇంతవరకు ప్రసంగములలో అందరము చెప్పుదుము. తరువాతి భాగమును అంతగా చెప్పము. అతడు పేరు మార్చుకొని, కర్మాగారము పెట్టి, ఆ పట్టణమునకు పెద్దయైన తరువాత, పోలికనుబట్టి వేరొక దీనుని పట్టుకొని నీవే జాన్ వాల్‌జానువని కోర్టులో నిలువబెట్టిరి. ఊరకున్నచో అతని గౌరవము నిలుచును, ఆ దీనుడు చెరకు పోవును. దాచినదాని వెల ఎప్పుడును దాచినవాడే చెల్లించునని లేదు.

మా సంగతి ఇక్కడనే ఒప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట వేరొక యౌవనస్థునికి మేము నడవడి పత్రము వ్రాసి యిచ్చితిమి. అతడు బైండోవరు అయిన సంగతి మాకు తెలియును. అతని తల్లి విధవరాలు. “అయ్యగారూ, మీరొక ముక్క రాయండి, చాలు” అని మా గుమ్మములో కూర్చుండెను. ‘ఇతని మీద ఎన్నడును ఏ విధమైన కేసును లేదు’ అని వ్రాసి, సంఘపు ముద్ర వేసితిమి. దానిని ప్రేమ యనుకొంటిమి. విచారణలో సంగతి బయటపడి ఆరు మాసములలో అతడు తొలగింపబడెను. అంతటితో ఆగలేదు. మరుసటి యేడు ఏ మచ్చయు లేని మా సంఘపు పిల్ల యొకతె మా ఉత్తరము పట్టుకొని అదే కార్యాలయమునకు పోగా, గుమాస్తా ముద్ర చూచి, చదువకయే ప్రక్కకు నెట్టెనట. ఆ పిల్ల వచ్చి మాతో చెప్పినప్పుడు మేము నేల చూచితిమి. ఆమె ఏమి తప్పు చేసినది? అందుచేతనే చింతపండు బుట్ట సంగతి విన్న సాయంకాలమున మా నోట మాట రాలేదు.

అయితే పిల్లల భయము ఊరక పుట్టినది కాదు. 1871లో పుట్టిన నేరస్థ జాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికిని వచ్చెను. దాని క్రింద ఎరుకల మొదలగు కులములవారిని, పుట్టుకనుబట్టియే, పుస్తకములో వ్రాసికొనిరి. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురములో సాల్వేషన్ ఆర్మీవారు నడిపిన సెటిల్మెంటులో మనుష్యులు హాజరు పలుకవలెను, ఊరు దాటుటకు చీటీ కావలెను. అక్కడ బడియు ప్రార్థనయు జరిగినవి, నిజమే. హాజరుపట్టీయు మనవారి చేతిలోనే యుండెను. అది క్రైస్తవులమైన మనము మరువరాని సంగతి. 1952లో ఆ చట్టము రద్దయినది గాని, స్టూవర్టుపురమని చెప్పుకొనుటకు జంకినవారు ఆ తరువాతను ఎందరో యుండిరి. ఏమియు చేయకయే కాగితము మీద దొంగలైనవారు ఉన్న దేశములో, కొంత చేసినవాడు కాగితమును చూచి జడియుట వింతయా? మన సంఘస్థులలో కార్యాలయములలో కూర్చుండువారు, విశాఖపట్టణములో కావలివాండ్రను పనికి కుదుర్చువారు ఉన్నారు. వారు ఆ గడిలో ‘ఉన్నది’ అను మాట చూచినప్పుడు, వెంటనే ప్రక్కకు నెట్టక, తరువాతి నాలుగు పంక్తులు చదువవలెనని బతిమాలుచున్నాము. ‘ఉన్నది’ అని వ్రాసిన ప్రతివానిని త్రిప్పి పంపినచో, మిగిలినవారికందరికి ‘లేదు’ అని వ్రాయ నేర్పినవారు వారే యగుదురు.

పౌలు ఒనేసిమును గూర్చి ఫిలేమోనుకు వ్రాసిన చిన్న పత్రిక మేము ఎరిగిన నడవడి పత్రములలో మొదటిది. అందులో ఒనేసిము మచ్చలేనివాడని లేదు. వెనుక నీకు పనికిరానివాడాయెనని ఉన్నది. ఇప్పుడు ఎట్టివాడో ఉన్నది. వాడు నీకు ఏమైనను అచ్చియున్నచో నా లెక్కలో వేయుమని, పౌలు స్వహస్తముతో వ్రాసినది ఉన్నది. మేము వ్రాసిన పత్రములో ఈ మూడింటిలో ఒకటియు లేకపోయెను.

ఆ పిల్లవాడు కోర్టుకు పోయి నకలు తెచ్చుకొనెను. రెండు ప్రయాణములు, రెండు దినముల కూలి పోయినది. గడి చిన్నది, సంగతి పట్టదు. ‘వెనుక చూడుడి’ అని వ్రాసి, వెనుకవైపున నాలుగు పంక్తులు మూడు ప్రతులలోను వ్రాసెను. మేమును క్రొత్త పత్రము వ్రాసితిమి. ఇతనిని చిన్ననాటి నుండి ఎరుగుదుము, సంతలో ఇట్లు జరిగినది, తానే మాతో చెప్పెను, అటుతరువాత అయిదేండ్లు ఇట్లు నడుచుకొనుచున్నాడు, కావలసినచో మమ్మును పిలిచి అడుగుడి అని వ్రాసి ముద్ర వేసితిమి. ప్రక్కన కూర్చున్న తల్లి అంతయు చదివించుకొని విని, “ఆ షావుకారు తూకం తక్కువేసిన మాట కూడా రాసినావేటి?” అని కొడుకును అడిగెను.

“దానికి గడి లేదే అమ్మా,” అనెను.

పది దినముల పిమ్మట విచారణకు పోలీసాయన వచ్చెను. మేము పత్రములోనిదే నోటితో చెప్పితిమి. ఆయన వ్రాసికొని, టీ త్రాగి, సంత ఏ వైపునని అడిగి వెళ్లెను. ఇది వ్రాయునాటికి జవాబు రాలేదు.