సేవకు హద్దు

పక్షవాతంతో మంచమెక్కిన మనిషికి అన్నం కలిపి నోటికి అందించడం మన ఇండ్లలో పుణ్యకార్యం. కుడిచేయి పడిపోయినవాడు ఎడమచేతితో తినడానికి సిగ్గుపడతాడు; కోడలో, కుమార్తెయో ముద్దలు చేసి పెడుతుంది. పెట్టనివారిని లోకం నిందిస్తుంది, నిందించవలసిందే. అయినా ఈ సేవలో ఒక ధర్మసందేహం దాగి ఉన్నది.

మెదడుకు రక్తప్రసారం ఆగినపుడు అందులో కొంతభాగం నశిస్తుంది. చేయి చచ్చుబడటానికి అదే మూలం; కాని చేయి అట్లాగే ఉండిపోవడానికి మరొక కారణం కూడా కలదు. అమెరికా దేశీయుడైన ఎడ్వర్డ్ టౌబ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కోతుల ఒక చేతినుండి స్పర్శజ్ఞానాన్ని కొనివచ్చే నరాలను ఖండించి పరిశీలించాడు. కదలికకు సంబంధించిన నరాలు చెక్కుచెదరకపోయినా కోతి ఆ చేతిని వాడటం మానివేసింది. మంచి చేతిని కట్టివేయగా, మానిన చేయి మరల పనికి దిగింది. మొదట యత్నించి విఫలమై, రెండవ చేతితో పని గడుపుకోవడం నేర్చి, ఆ ప్రాణి ఒక చేతిని విడిచిపెట్టిందని ఆయన నిర్ణయించాడు. (ఆయన ప్రయోగశాలలోని 17 కోతుల దుస్థితి 1981లో బయటపడి, పోలీసులు వాటిని స్వాధీనం చేసుకున్నారు. ఆనాడు లేచిన వివాదం ఇంకా చల్లారలేదు.)

ఆ కట్టే మనుష్యులకు చికిత్స అయినది. 2006లో ప్రకటితమైన ఒక పరిశోధనలో 222 మంది రోగులు పాల్గొన్నారు. వారిలో ఈ చికిత్స పొందినవారు రెండు వారాలపాటు మంచి చేతికి తొడుగు వేసుకొని, బలహీనమైన చేతితోనే అభ్యాసం చేశారు. వారికి కలిగిన మేలు ఏడాది తరువాత కూడా నిలిచింది. అయితే మణికట్టూ వేళ్ళూ కొంతైనా కదిలేవారినే ఇందుకు ఎన్నుకొన్నారు.

ఇక సూది వైద్యం. 1938లో కోట్నీస్‌తోపాటు చైనాకు వెళ్ళిన భారతీయ వైద్యబృందంలోని బిజయ్ కుమార్ బసు తరువాతి కాలంలో కలకత్తాలో ఆక్యుపంక్చరును ప్రచారం చేశారు. పక్షవాతంలో దాని ప్రయోజనాన్ని గూర్చి జరిగిన పరీక్షలు అనేకం. వాటిలో పెక్కు బలహీనమైనవి కావడంచేత నిశ్చయంగా ఏమీ చెప్పలేము. నా శంక సూదిని గూర్చి కాదు. బల్లమీద పడుకొన్న రోగికి కదలకుండా ఉండటమే పని; బాగుచేసే భారమంతా ఇతరులది. ఆ ఉపశమనంతో లేచి అభ్యాసానికి కూర్చుంటే సంతోషమే. అభ్యాసానికి బదులుగా దానినే నమ్ముకొంటే, తిరిగిరాని నెలలు గడిచిపోతాయి.

అట్లని కాఠిన్యమే కరుణ అనుకోరాదు. 2015లో ప్రకటితమైన పరిశోధనలో 2,104 మంది ఉన్నారు. జబ్బు చేసిన 24 గంటలలోపుగానే లేపి, ఎక్కువగా కదిలించినవారు, మామూలు చికిత్స పొందినవారికంటె మూడు నెలల తరువాత తక్కువగా కోలుకొన్నారు.

మరి హద్దు ఎవరు నిర్ణయించాలి? వైద్యుడు సలహా చెప్పగలడు; ఇంటివారు ఓర్పు వహించగలరు. కాని ప్రయాసపడే అధికారం రోగిదే. తొడుగు వేసుకొన్న మనిషి ఒప్పుకొని వేసుకొన్నాడు. కోతిని ఎవరూ అడగలేదు. మాట పడిపోయిన రోగికి తెలివి కూడా పోయిందని తలచి, మనం అతనిని అడగడం మానుతున్నాము. ముద్ద జారి పళ్ళెంలో పడినపుడు, అతడు మరల ముద్దవైపే చూస్తున్నాడా, మన వైపు చూస్తున్నాడా అన్నది చేయి చాచకముందే కనిపెట్టాలి.