ఒక్క షేరు

బాబాయి వాణిజ్య పన్నుల శాఖలో చేసి రిటైరయ్యారు. అన్నగారి అమ్మాయి చార్టర్డ్ అకౌంటెంటు. పండక్కి కలిశారంటే వాదన తప్పదు.

బాబాయి: కేమన్ దీవుల్లో ఓ కంపెనీ. దానికి ఉన్నదల్లా ఒక్క షేరు. 2007లో వోడాఫోన్ ఆ షేరు కొంది, దాదాపు 1,100 కోట్ల డాలర్లకి. దాంతోనే ఇక్కడి టెలికాం కంపెనీ హచిసన్ ఎస్సార్‌లో 67 శాతం వాటా చేతులు మారిపోయింది. మన ఖజానాకి పైసా రాలేదు. న్యాయమేనా అమ్మాయ్?

అమ్మాయి: పన్ను పడదని 2012లో సుప్రీంకోర్టే చెప్పింది కదా బాబాయ్.

బాబాయి: కోర్టు చెప్పింది చట్టం సంగతి. నేనడిగింది అది కాదు.

అమ్మాయి: మరి ఎవరి మనస్సాక్షిని బట్టి కట్టాలి? పన్ను సర్కిల్‌కో న్యాయమైతే వ్యాపారం ఎలా చేస్తారు? ఆ తీర్పు నచ్చక ప్రభుత్వం అదే ఏడాది చట్టాన్ని 1962 నుంచీ వర్తించేలా సవరించింది. 2021లో మళ్లీ తనే వెనక్కి తగ్గింది. అదేం నీతి?

బాబాయి: అది తప్పే. కానీ మన హైదరాబాద్ మెక్‌డోవెల్ కేసు చూడు. మందు మీద ఎక్సైజ్ సుంకం కొనేవాడే నేరుగా కట్టేవాడు. కంపెనీ బిల్లులో ఆ సొమ్ము కనిపించదు కాబట్టి టర్నోవర్‌లో చేరదు, దాని మీద అమ్మకం పన్నూ లేదు. 1985లో సుప్రీంకోర్టు కుదరదంది. తెలివైనవాడు తప్పించుకున్న భారం అమాయకుడి నెత్తిన పడుతుందని చిన్నపరెడ్డిగారు విడిగా రాశారు.

అమ్మాయి: ఆయన రాసింది మిగతా జడ్జీల మాట కాదని 2003లో మారిషస్ పన్ను ఒప్పందం కేసులో ఆ కోర్టే పక్కన పెట్టింది.

బాబాయి: పెట్టనీ. భారం కూడా పక్కకి పోయిందా?

(ఇక్కడ నేను బాబాయి పక్షం. వీధి చివర కిరాణా కొట్టాయనకి కేమన్ దాకా దారి వేసిచ్చేవాళ్లు లేరు. ఆఫీసరు విచక్షణ దగ్గరికొస్తే మాత్రం అమ్మాయి భయమే నాదీ.)

అమ్మాయి: మీరూ పీపీఎఫ్‌లో వేసి పన్ను తగ్గించుకున్నారుగా!

బాబాయి: దాచుకోమని ప్రభుత్వమే చెప్పింది, దాచాను. డబ్బు నిజంగానే పదిహేనేళ్లు అక్కడుంది. ఆ కేమన్ కంపెనీ అక్కడ చేసిన పనేంటి?

అమ్మాయి: ఇప్పుడు పన్ను తప్పించుకునే ఎత్తుల్ని అడ్డుకునే నిబంధన, గార్, వచ్చిందిగా, 2017 నుంచి. పన్ను తగ్గించుకోవడమే ముఖ్యోద్దేశమని తేలితే ఆ ఏర్పాటును తోసిపుచ్చొచ్చు. మీ నీతి చట్టంలోకే ఎక్కింది.

బాబాయి: ఎక్కాక నీ క్లయింట్లు ఏమడుగుతున్నారు?

అమ్మాయి: ముఖ్యోద్దేశం ఇంకేదో ఉన్నట్టు కాగితాలు చెయ్యమని.

బాబాయి: చేస్తావా?

అమ్మాయి: ఫైలు చూడాలి బాబాయ్.