పెళ్లికూతురికి మల్లెనూనె మాట

అమ్మణ్ణీ, ధర్మవరంలో పెళ్లిచీర తీసుకున్నారని, హిందూపురంలో మల్లెనూనె సీసాలు కూడా కొన్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. నలుగు పెట్టే రోజు దగ్గరపడింది కాబట్టి, మీ అవ్వగా నాలుగు మాటలు చెబుతా, వినుకో.

వాసన ఘాటుగా ఉంటే మంచి నూనె అనుకోవద్దు తల్లీ. సీసా వెనక్కి తిప్పి చదువు. మినరల్ ఆయిల్, పర్ఫ్యూమ్ అని మాత్రమే ఉంటే అందులో మల్లెపువ్వు లేనట్టే. టన్ను పూల నుంచి అసలైన మల్లెతైలం ఒకటి రెండు కిలోలకు మించి రాదు. అంత అరుదైనది అగ్గువకు ఎట్లా దొరుకుతుంది?

మల్లెనూనె చేసుకునే పాతపద్ధతి ఒకటుంది. నువ్వులు కడిగి బాగా ఎండబెట్టు. సాయంత్రం విచ్చబోయే మొగ్గలు తెచ్చి, వెడల్పాటి పళ్లెంలో ఒక వరుస నువ్వులు, ఒక వరుస మొగ్గలు పరిచి పలుచని గుడ్డ కప్పు. మల్లె కోసినాక కూడా రాత్రంతా పరిమళిస్తూనే ఉంటుంది. ఆ వాసనను నువ్వుల్లోని నూనె పట్టుకుంటుంది. తెల్లారగానే వాడిన పూలు ఏరెయ్యి, లేకుంటే చెమ్మకు బూజు పడుతుంది. ఓ వారం ఇట్లా కొత్త మొగ్గలు మారుస్తూ పోయి, నువ్వులు ఆరబెట్టి గానుగాడించు. మరీ కొద్దిగా ఉంటే ఆడించరు, ముందే అడుగు. పూలను నూనెలో వేసి మాత్రం కాచొద్దు, వాసన ఎగిరిపోతుంది. మొగ్గలకంటావా, కదిరి మల్లెలు మనకు దగ్గరే కదా.

లేపాక్షి గుడి కప్పు మీద గీసిన పార్వతీ కల్యాణం చూసినావు కదా. 16వ శతాబ్దంలోనే పెళ్లివేడుకను దేవుడి ఎదుట బొమ్మగా నిలుపుకున్న సీమ మనది. ముత్తైదువులు నీ మాడున అంటే నూనె దీవెన. అది కల్తీది కాకూడదు.

ఉత్తరాదిన ఆంజనేయుడికి సిందూరంలో చమేలీ (జాజిపూల) నూనె కలిపి పూస్తారు. మన దిక్కున ఏ గుడి ఆచారం ఆ గుడిది. పెనుకొండలో ఆంజనేయస్వామికి సమర్పించాలనుకుంటే ముందు అర్చకులను అడుగు. ఆ ఊళ్లోనే ఉన్న బాబయ్య దర్గాకు పోయినా అక్కడి పెద్దలు చెప్పినట్టే పూలు, అత్తరు ఇవ్వు. ఇంట్లో దీపానికి సెంటు నూనెలు వద్దు, నువ్వులనూనె చాలు.

ఇంకొక మాట. పట్టుచీర కట్టే రోజు తలకు నూనె పెట్టొద్దు. ముందునాడే రాసుకుని తలంటుకో. మగ్గం గుంతలో కాళ్లుపెట్టి రోజుల తరబడి కూర్చుని నేసిన చీర అది. జరీకి నూనె అంటితే నీళ్లతో రుద్దకుండా డ్రైక్లీనింగుకు ఇవ్వు. ఏ నూనైనా ముందు మోచేతి మడతలో చుక్క రాసి, దద్దురు రాలేదని చూసుకున్నాకే వాడు.

ఆ సీసాలు పక్కన పెట్టు తల్లీ. గిన్నెడైనా చాలు, నీ నలుగుకు అసలైన నూనె చేయించుకో.